తోమకూడని ఇత్తడి

మా కోడలు భవానికి రెండు పిచ్చులు. ఒకటి మావాడు సత్యదేవ్. రెండోది కీబోర్డు. ఏది ముందో ఏది వెనకో నన్నడగకండి, మావాణ్ణి అసలే అడగకండి.

కీబోర్డు అంటే పాటలు వాయించేది కాదు. అదైనా బాగుండును, పేరంటానికి వచ్చినవాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇది కంప్యూటరు ముందు పెట్టుకుని టైపు కొట్టేది. అందరిళ్ళలోనూ ఒకటి ఉంటుంది, పాడైతే ఇంకోటి తెచ్చుకుంటారు. మా భవాని అలా తెచ్చుకోదు. ఒక పార్సిల్లో ఖాళీ పెట్టె వస్తుంది. ఇంకో పార్సిల్లో అక్షరాల మీటలు వస్తాయి. మరో దాంట్లో ఆ మీటల కింద ఉండే స్విచ్చులు, గుప్పెడు గుప్పెడు వస్తాయి. వాటన్నిటినీ విప్పి, లోపలి ముక్క ముక్కకీ సన్న కుంచెతో గ్రీజు రాసి, మళ్ళీ మూసి, చెవి దగ్గర పెట్టుకుని 'టక్' అని నొక్కి వింటుంది. నచ్చకపోతే మళ్ళీ విప్పుతుంది. పెళ్ళికూతురికి పారాణి పెట్టేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా పెట్టరు.

"అత్తమ్మా, జెర వినున్రి. ఇది ఒక చప్పుడు. ఇగో, ఇది ఇంకో చప్పుడు. ఎంత ఫరకుందో సమజైందా?" అని నా దగ్గరికి రెండు కీబోర్డులు పట్టుకొచ్చేది పెళ్ళైన కొత్తలో.

నాకేం సమజు కాలేదు. రెండూ టకటకే.

మా ఆయన కామరాజు గారికి మాత్రం తేడా తెలిసిపోయింది. ఆయన రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. "ఇది బోలుగా ఉందమ్మా, అది నిండుగా ఉంది," అని కోడలికి తీర్పు చెప్పేవారు. నిజంగా తెలిసి చెప్పారో, కోడలి మెప్పు కోసం చెప్పారో దేవుడికెరుక. నేను కూరలో ఉప్పెక్కువైందా తక్కువైందా అని అడిగితే మాత్రం ఈయనకి ఎప్పుడూ ఏ తేడా తెలీదు.

మా చెల్లెలికి కాకినాడ ఫోన్ చేసి చెబితే, "అదేం సరదా అక్కా, చీరలు కొనుక్కోక!" అంది. వియ్యపురాలు సుమిత్ర గారికి చెబితే ఆవిడ నవ్వేసింది. "చిన్నగున్నప్పటి సంది గంతే వదినె. టేప్‌రికార్డర్ గిట్ల కనపడితే ఇప్పి పెడ్తుండె. మీ ఇంట్ల ఇంకా మిక్సీ ఇప్పలేదు, సంతోషపడున్రి," అంది. అంటే మొదట్నుంచీ అన్నీ తెలిసే మాకిచ్చారన్నమాట.

ఒక ఆదివారం భవాని స్నేహితులు ఇంటికొచ్చారు. జెరూషా అనే అమ్మాయి, ఇంకో నలుగురూ. ఒక్కొక్కళ్ళ భుజానా ఒక్కో సంచి. అందరూ హాల్లో చాప మీద కూర్చుని ఎవరి కీబోర్డు వాళ్ళు బయటికి తీశారు. ఒకరిది ఇంకొకరు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు ఆడించి, "ఆహా" అంటున్నారు. కొత్తావకాయ కలిపిన రోజు మా పుట్టింట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మా పెదనాన్న అలా అనేవారు. నేను పకోడీలు వేసి పళ్ళెం పెడితే ఒక్కరూ ముట్టుకోలేదు. చేతికి నూనె అంటుతుందట! చివరికి జెరూషా ఐస్‌క్రీం పుల్లలు రెండు అడిగి, వాటితో పట్టుకుని పకోడీ తింది. ఆ తర్వాత అందరూ అలాగే తిన్నారు. నా చేతి పకోడీ పుల్లలతో తినడం చూసిన రోజు అది.

ఇంత చెబుతున్నానని నాకు కోడలంటే గిట్టదనుకోకండి. నాకు ఆడపిల్లల్లేరు. ఉన్న ఒక్క కొడుకూ మాట పొదుపు మనిషి, ఆయన పేపరు మనిషి. మెట్టుగూడలో ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళు నేను ఒక్కదాన్నే మాట్లాడాను. భవాని వచ్చాక ఇంట్లో జవాబు వినిపించింది. మోండా మార్కెట్‌కి నాతో వచ్చి, నేను బేరమాడుతుంటే పక్కన నిలబడి, "అత్తమ్మా, ఇంకో పది తగ్గించున్రి, తగ్గుతడు," అని చెవిలో ఊదుతుంది. మోకాలు నొప్పని నేను మూలిగితే ఆయింటుమెంటు తెచ్చి రాయడం మొదలుపెట్టేస్తుంది, వద్దన్నా వినదు. నా పప్పుచారు గ్లాసులో పోసుకుని తాగుతుంది. అలాంటి పిల్ల మీద నాకెందుకు కోపం ఉంటుంది? కోపమంతా ఆ టకటక మీద.

భవాని ఇంటినుంచే పనిచేస్తుంది, వారానికి ఒక్కరోజు ఆఫీసుకి వెళ్తుంది. మిగతా రోజులన్నీ పొద్దున్న నేను పూజలో కూర్చునే సరికి అటుపక్క గదిలో మొదలు. నేను ఒక నామం చదివితే అది పది టకటకలు చదువుతుంది. మా ఆయన నన్ను దెప్పేవారు. "గోడవతల రైళ్ళు వెళ్తుంటే ముప్పై ఏళ్ళుగా హాయిగా ఉన్నావు. ఈ చిన్న చప్పుడుకేనా?" అని. రైలు వస్తుంది, వెళ్ళిపోతుంది. ఇది వెళ్ళదే!

ఆషాఢంలో ఒకరోజు నా నోరు జారింది. ఆరోజు పొద్దున్నుంచీ ఏదీ సవ్యంగా లేదు. పాలు విరిగాయి, పనమ్మాయి రాలేదు, సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే టకటకటక. లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి అరిచాను.

"ఇది ఇల్లా, టైపు ఇన్‌స్టిట్యూటా? ఎక్కడికైనా పోయి కొట్టుకోండి!"

భవాని వేళ్ళు ఆగిపోయాయి. ఆ పక్కనే కుర్చీలో ఉన్న సత్యదేవ్ ఒక్క మాట కూడా అనలేదు. మాట పొదుపు మనిషి అన్నానుగా. అనుంటే బాగుండేది, నేను ఇంకో మాట అని, ఏడ్చి, సర్దుకునేదాన్ని. వాడు అనలేదు. మూడు వారాల తర్వాత భోజనాల దగ్గర చెప్పాడు.

"మౌలాలిలో ఒక ఫ్లాట్ చూశాం అమ్మా. భవాని వాళ్ళ అమ్మగారి ఇంటికి దగ్గర్లోనే. శ్రావణంలో వ్రతమయ్యాక శనివారం తాళాలు తీసుకుంటాం."

మెట్టుగూడ నుంచి మౌలాలి ఎంత దూరం? ఆటో ఎక్కితే కాసేపు. అమెరికా వెళ్తున్నారా, ఆస్ట్రేలియా వెళ్తున్నారా, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ వేరే పొయ్యి వేరే పొయ్యే. వెళ్ళొద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అరవడానికి లేచిన నోరు బతిమాలడానికి లేవలేదు. "మంచిది, గాలీ వెలుతురూ ఉందా?" అని అడిగాను. ఏం మనిషినో చూడండి.

భవాని కూడా తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంది. అప్పట్నుంచి నా పూజ వేళకి ఆ గదిలో చప్పుడు లేదు. ఏదో చిన్న మామూలు కీబోర్డు తెచ్చుకుని, దాని మీద పిల్లి నడిచినట్టు పని చేసుకుంటోంది. పూజ ప్రశాంతంగా జరిగింది. నాకు మాత్రం ఒక్క నామం మీద మనసు నిలిస్తే ఒట్టు.

శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఆ మర్నాడే శనివారం. గురువారం భవాని ఆఫీసుకి వెళ్ళింది. నేను ఏటా చేసినట్టే ఇంట్లో ఇత్తడంతా పెరట్లో కుళాయి దగ్గర పోశాను. కుందులు, హారతి పళ్ళెం, కలశం చెంబు, గంట, అక్షింతల గిన్నె. చింతపండు నానబెట్టి, కల్లుప్పు పక్కన పెట్టుకుని, పీట వేసుకుని కూర్చున్నాను. ఇత్తడి తోమడం నాకిష్టం. మాడిపోయినట్టున్న చెంబు చేతిలో తిరిగి తిరిగి పసిడిలా అవుతుంటే మనసులో దిగులు కూడా కాస్త వదులుతుంది.

ఇంకేమైనా మిగిలిపోయిందేమో అని ఇల్లంతా చూసుకుంటూ భవాని గదిలోకి వెళ్ళాను. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద తన పెద్ద కీబోర్డు విప్పి పెట్టింది, ఎప్పుడూ ఎవర్నీ ముట్టుకోనివ్వనిది. మీటలన్నీ ఒక డబ్బాలో సర్దేసింది. ఇల్లు మారడానికి సర్దుతోందని తెలిసి గుండె కలుక్కుమంది. ఆ ముక్కల మధ్యలో అరచెయ్యంత ఇత్తడి దిమ్మ ఒకటి కనిపించింది. బరువు కోసం అడుగున బిగిస్తారట అలాంటిది, భవాని మా ఆయనకి ఓసారి చెబుతుంటే విన్నాను. అది చూస్తే ఎలా ఉంది! నల్లగా, గోధుమరంగుగా, అక్కడక్కడ నీలి చారలతో, ఏళ్ళ తరబడి నీళ్ళు చూడని చెంబులా ఉంది.

పాపం, ఈ కాలం పిల్లలకి ఇత్తడి కొనుక్కోవడం తెలుసు గానీ తోమడం ఎవరు నేర్పారు అనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను. నోటితో చెప్పలేనిది చేత్తోనైనా చెబుదాం అనిపించింది. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటుంది, అత్తమ్మకి నా మీద కోపం లేదని తెలుస్తుంది. అంతే నా ఆలోచన. కలశం చెంబుకి పెట్టనంత చింతపండు దానికి పెట్టాను. ఒక్క మరక ఉంచలేదు. కడిగి, తుడిచి, ఎండలో పెట్టి చూస్తే అందులో నా మొహం కనిపించింది. తీసుకెళ్ళి దేవుడి గదిలో కుందుల పక్కన పెట్టాను.

"బంగారంలా ఉందోయ్!" అన్నారు మా ఆయన.

మధ్యాహ్నం సత్యదేవ్ కాఫీ కోసం పడగ్గదిలోంచి బయటికొచ్చాడు. ఆరోజు వాడు ఇంట్లోంచే పని. దేవుడి గది ముందునుంచి వెళ్తూ ఆగిపోయాడు.

"అమ్మా, అది ఎవరు తోమారు?"

"నేనే. ఎలా ఉంది?"

వాడు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పినప్పుడు కూడా వాడు అలా కూర్చోలేదు.

"అది మురికి కాదమ్మా. రంగు. కావాలని తెప్పించుకున్న రంగు. పెళ్ళైన నెలలో మొదలుపెట్టింది. రోజూ చేత్తో తాకుతూ, గాలికి పెడుతూ, రెండేళ్ళకి ఆ నీలం వచ్చింది. వచ్చే ఆదివారం జెరూషా వాళ్ళందరూ కలుస్తున్నారు, అక్కడ చూపించాలని దాచుకుంది."

"నల్లబడ్డ ఇత్తడిని నలుగురికీ చూపిస్తారా?"

"చూపిస్తారు. మెచ్చుకుంటారు."

ఇత్తడిని నల్లబడనివ్వకపోవడమే ఇల్లాలితనం అనుకుని బతికినదాన్ని. కావాలని నల్లబరుచుకునేవాళ్ళు ఉంటారని, అదీ మా ఇంట్లోనే ఉంటారని ఎలా తెలుస్తుంది? అంతలో ఇంకో సంగతి తట్టింది. నేను పొమ్మని అరిచిన మనిషిని. ఎల్లుండి వాళ్ళు తాళాలు తీసుకుంటారనగా ఈవేళ నేను దీన్ని తోమిపెట్టాను. కక్షకొద్దీ చేశాననుకోదూ? ఇంక ఆ పిల్ల వెళ్ళిపోతే ఈ మాట మనసులో పెట్టుకునే వెళ్తుంది. పండక్కి వస్తుంది, పలకరిస్తుంది, పప్పుచారు మాత్రం అడిగి తాగదు.

"ఏడుస్తూ కూర్చోకు. ఇత్తడి నల్లబడటం ఎంతసేపు? నువ్వే కదా రోజూ గొణుగుతావు," అన్నారు ఆయన.

నిజమే. ఒక్కరోజు ఏమరుపాటుగా ఉంటే నల్లబడిపోయే ఇత్తడి, కావాలంటే నల్లబడలేదు. పచ్చడి నిలవుంటే ఇత్తడి కిలుమెక్కుతుంది కదా అని మాగాయ ఊట రాశాను. ఇంకా మెరిసింది. మజ్జిగలో ముంచాను. మరింత తెల్లగా తేలింది. కర్పూరం వెలిగించి పొగ పట్టాను. మసి పట్టింది, చెయ్యి తగిలితే ఊడొచ్చింది. మా ఆయన ఊదొత్తులు పట్టుకుని చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. "దానికి హారతివ్వమన్నానా మిమ్మల్ని!" అని కసిరాను. మోండా మార్కెట్‌లో ఇత్తడి సామాన్ల హరికిషన్‌కి ఫోన్ చేశాను, నా పూజ సామానంతా అతని దగ్గర కొన్నదే.

"హరికిషన్, ఇత్తడి తొందరగా నల్లబడాలంటే ఏం చెయ్యాలి?"

అటువైపు దేన్నో కింద పెట్టిన చప్పుడైంది.

"అమ్మా, తళతళ మెరవాల్నంటే ఏం జెయ్యాల్నని అందరడుగుతరు. నల్లగ గావాల్నని ఎవ్వలడగలె. మీ తబియత్ మంచిగుందా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అప్పుడు పిట్టగోడ అవతల రోసమ్మ గారు బట్టలు తీస్తూ కనిపించారు. ఆవిడ బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నాకు ఇరవై ఏళ్ళ స్నేహం. గోడ దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. ఆవిడ పకపకా నవ్వి, తర్వాత నా మొహం చూసి నవ్వాపుకుంది.

"ఉపాయం ఉంది వదినా. కానీ నీకు కుదరదు."

"చెప్పండి ముందు."

"కోడిగుడ్లు. గట్టిగ ఉడకబెట్టి, వేడి మీదనే నలిపి, మూత బిగిసే డబ్బాల ఇత్తడితో పాటు పెట్టాలె. గుడ్డుల గంధకం ఉంటది, ఆ ఆవిరికి రంగు మారుతది. ఇటియ్యి, మా ఇంట్ల చేసిస్త."

మా ఇంట్లోకి కోడిగుడ్డు రాదు. మా అత్తగారి కాలంలో రాలేదు, నా కాలంలో రాలేదు. పెళ్ళికి ముందే భవానికి చెప్పాను. "సరే అత్తమ్మా," అంది. గుడ్డు తినాలనిపిస్తే మౌలాలి వెళ్ళి వాళ్ళమ్మ దగ్గర తినొచ్చేది, ఇక్కడ ఒక్కనాడు అడగలేదు. పైగా మర్నాడు వ్రతం. వంటిల్లు కడిగి ముగ్గు కూడా పెట్టేశాను.

ఆ దిమ్మని గోడ మీంచి రోసమ్మ గారికి అందించబోయి ఆగిపోయాను. ఎందుకో చెయ్యి రాలేదు. నేను చేసిన నిర్వాకాన్ని ఇంకొకరి వంటింట్లో దిద్దించుకోవడం సిగ్గుగా అనిపించింది. అంతకన్నా, ఏదో ఒకటి నేను వదులుకోకుండా ఆ పిల్ల మొహం ఎలా చూడను అనిపించింది.

"వద్దు వదినా. మా ఇంట్లోనే చేస్తాను," అన్నాను.

మా ఆయన నన్ను వింతగా చూశారు. "నిజంగానా?" అని మూడుసార్లు అడిగి, సంచీ పట్టుకుని బయల్దేరారు. మా వీధి కొట్లో అడిగితే పరువు పోతుందని ఎక్కడికో నాలుగు సందులవతలికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు సంచీ పైన కొత్తిమీర కట్ట కప్పి, గుండెకి హత్తుకుని తెచ్చారు.

"ఎవరైనా చూశారా?"

"ఎదురింటాయన కనపడ్డాడు. కొత్తిమీర అన్నాను. కొత్తిమీర ఎవరైనా పసిబిడ్డలా ఎత్తుకొస్తారా అన్నాడు."

పాత గిన్నె ఒకటి వెతికి, దేవుడి గది తలుపు మూసి, పొయ్యి వెలిగించాను. నీళ్ళెన్ని పొయ్యాలో తెలీదు, ఎంతసేపు ఉంచాలో తెలీదు.

"చిటికెడు ఉప్పు వెయ్యి, పెంకు పగలదు. నీళ్ళు మరిగాక పావుగంట చాలు," అన్నారు మా ఆయన పక్కనుంచి.

నేను ఆయన వైపు తిరిగాను. "మీకెలా తెలుసు?"

ఆయన కొత్తిమీర వైపు చూశారు. "ఆఫీసు క్యాంటీన్‌లో... అప్పుడప్పుడు..."

"ఎప్పట్నుంచి?"

"చేరిన ఏడాది నుంచి."

ముప్పై ఏళ్ళు ఈ మనిషి కారియర్లో నా వంకాయకూర పట్టుకెళ్ళి, పక్కన ఆమ్లెట్టు పెట్టుకుని తిన్నారన్నమాట. ఆ పంచాయితీకి అప్పుడు టైము లేదు. తర్వాత పెట్టుకుందామని ఊరుకున్నాను.

ఉడికిన గుడ్లు రెండు ఆయనే వలిచి స్టీలు డబ్బాలో వేశారు. నేను మొహం పక్కకి తిప్పుకుని గరిటె కాడతో నలిపాను. ఇత్తడి దిమ్మని శుభ్రంగా తుడిచాను. ఏ పనైనా బొట్టు పెట్టకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు. పెడుతున్నది గుడ్ల మధ్యన అయినా సరే, చిక్కగా గంధం అద్ది, మీద కుంకుమబొట్టు పెట్టి, అమ్మవారికి లెంపలు వేసుకుని, లోపల పెట్టి మూత బిగించాను.

ఇక ఎదురుచూడటమే అనుకుని అరగంట కూర్చున్నానో లేదో గేటు చప్పుడైంది.

భవాని. ప్రతి గురువారం చీకటి పడ్డాక వచ్చే పిల్ల ఆరోజు ఎండ ఉండగానే వచ్చేసింది. రెండు చేతుల నిండా సంచులు. "వ్రతం సామాన్ తెచ్చిన అత్తమ్మా! తామర మొగ్గలు మంచిగున్నయని మోండా దిక్కు పోయొచ్చిన," అంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"అత్తమ్మా, గీ వాసనేంది?"

నేను పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను. నా వెనక గిన్నెలో మిగిలిన గుడ్లు, పక్కన పెంకులు. ఆ పిల్ల తల వంచి నా పక్కనుంచి చూసింది.

"గుడ్లా? మనింట్లనా? రేపు వ్రతం పెట్టుకొని?"

ఇంక దాచడానికేముంది? అంతా చెప్పేశాను. దిమ్మని చూడటం, జాలి పడటం, చింతపండు, మాగాయ, మజ్జిగ, కర్పూరం. ఆ పిల్ల సంచులు కింద పెట్టేసి డబ్బా మూత తీసింది. దిమ్మని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది.

మూత పెట్టి ఎంతోసేపు కాలేదు గానీ పని షురూ అయింది. అంచులు టీరంగుకి తిరిగాయి, ఒక మూల కాస్త నీలం చాయ. మధ్యలో ఇంకా బంగారమే. భవాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండేండ్లు పట్టింది అత్తమ్మా, గా రంగు రానీకి," అంది. అరిచినా బాగుండేది.

"కక్షతో చెయ్యలేదే. మీ మామయ్య మీద ఒట్టు. నీకు బావుంటుందనుకుని చేశాను," అన్నాను.

ఆ పిల్ల బొటనవేలితో ఎండిన గంధాన్ని మెల్లగా రుద్దింది. గంధమూ కుంకుమా రాలిపోయాయి. చుట్టూ లేత గోధుమరంగు కమ్ముకున్నా, బొట్టున్న చోట మాత్రం గుండ్రంగా బంగారుచుక్క మిగిలింది. ఇత్తడికే ఎవరో బొట్టు పెట్టినట్టు. భవాని దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీనికి బొట్టు పెట్టిన్రా?" అంది.

"పెట్టకపోతే ఎలాగే?"

"గుడ్లల్ల పెట్టేటప్పుడు సుత?"

తలూపాను. ఆ పిల్ల నా వైపు చూసింది, డబ్బా వైపు చూసింది, మూసున్న దేవుడి గది తలుపు వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. పొట్ట పట్టుకుని గోడకి జారబడి నవ్వింది. "జెరూషాకు చెప్తే నమ్మది! ఇసొంటిది ఎవ్వల దగ్గర ఉండది!" అంటూ నవ్వుతూనే ఉంది. హాల్లోంచి మా ఆయన తొంగిచూసి, ప్రమాదం లేదనుకుని లోపలికొచ్చారు. ఆయన వెనక సత్యదేవ్.

అందరూ ఉన్నారు. ఇప్పుడు అనకపోతే ఇంక ఎప్పటికీ అనలేనని నాకు తెలుసు.

"ఆ ఇల్లు వద్దు," అన్నాను. "వెళ్ళకండి."

భవాని నవ్వు ఆపి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మరి చప్పుడో?"

"చప్పుడు నాకు నచ్చదు. రేపు కూడా నచ్చదు. పూజ వేళ కొడితే రేపూ తిడతాను. నేను తిడుతూ ఉంటాను, నువ్వు కొడుతూ ఉండు. కానీ ఇక్కడే ఉండు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేను ఉండలేనే," అన్నాను. ఆ మాట అనేసరికి నాకే ఏడుపొచ్చేసింది.

"పొమ్మని మీరంటిరి. పోదామని ఈయన అనె. నన్ను ఎవ్వలన్న అడిగిన్రా?" అంది భవాని.

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"పోనని చెప్తుంటి! మీరు ఒక్క మాట అంటరేమోనని నెల దినాల సంది చూస్తున్న. గాలి వస్తదా, వెలుతురు వస్తదా అని అడిగిన్రు గని..." అని ఆగి, మొగుడి వైపు తిరిగింది. "సత్యా, గా ఓనర్‌కు ఫోన్ జెయ్యి. మేం వస్తలేమని చెప్పు."

మాట పొదుపు మనిషి ఆ రోజు కూడా పొదుపే చేశాడు. "సరే," అని ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

భవాని ఇత్తడి దిమ్మని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించింది. "ఇంకా నల్లగ గావాలె," అంది. తర్వాత గిన్నెలో మిగిలిన గుడ్ల వైపు చూసి, నా వైపు చూసింది. అడగలేదు. రెండేళ్ళుగా ఈ వంటింట్లో అడగని పిల్ల.

నేను గిన్నెలో చెయ్యి పెట్టి ఒకటి తీశాను. ఇంకా వేడిగానే ఉంది. పళ్ళెం అంచుకి కొట్టి, పెంకు వలవడం మొదలుపెట్టాను. ఎలా వలవాలో రాక చిన్న చిన్న ముక్కలుగా ఊడొచ్చింది. మా ఆయన ఏదో చెప్పబోతే కళ్ళెర్రజేశాను. వలిచి, కడిగి, ఉప్పద్ది కోడలి చేతిలో పెట్టాను.

ఒక కొరుకు కొరికి, నోరు నిండా గుడ్డుతోనే, "మిరియాలపొడి సుత ఎయ్యున్రి అత్తమ్మా," అంది.

వేశాను.